జిడ్డు మొఖం పెండ్లిపిల్లకు మేకప్ ఎట్ల నిలుస్తది?

వైశాఖం ముహూర్తాలు మొదలైనయి. మన షోలాపూర్ పూర్వభాగంలో ఏ గల్లీకి పోయినా ఒక వాకిట్లో పందిరి కనబడుతున్నది. ఈసారి ఈ పేజీకి వచ్చిన ఉత్తరాల్లో సగానికి ఎక్కువ ఒక్క ముచ్చటే అడిగినయి. "అక్కా, మా పిల్లది నూనె మొఖం. పొద్దుగాల ఎంత మంచిగ తయారు చేసినా తలంబ్రాల యాళ్లకు నూనె తేలి పౌడరంతా చారలు కడుతది. ఫొటోలల్ల నుదురు, ముక్కు అద్దం లెక్క మెరుస్తయి. ఏం చెయ్యాలె?"

అడిగినోళ్లలో అమ్మలున్నరు, వదినెలున్నరు. చుట్టాల పెండ్లిళ్లకు చిన్న పెట్టె పట్టుకొని పోయి తయారు చేసే ఆడపిల్లలు గూడ ఉన్నరు. ఈసారి పేజీ ముఖ్యంగా వాళ్ల కోసం. పార్లర్లో పెండ్లి ప్యాకేజీ అడిగే పైసలు కార్ఖానాలో ఎన్ని వారాల పగారో మనందరికీ తెలుసు. ఇంట్లోనే ఒకరు నేర్చుకొని చేస్తే ఆ పైసలు పిల్ల పుస్తెమట్టెలకో, అత్తగారింటి సామానుకో పనికొస్తయి.

ముందు జిడ్డు అంటే ఏందో తెలుసుకుందాం. అది మురికి కాదు. చర్మం కింద చిన్న చిన్న నూనె గ్రంథులుంటయి, అవి చర్మం ఎండిపోకుండ కాపాడే నూనెను వదులుతయి. నుదురు, ముక్కు, గడ్డం మీద అవి ఎక్కువ. వయసొచ్చిన పిల్లల్లో హార్మోన్ల వల్ల ఇంకా ఎక్కువ పని చేస్తయి. పెండ్లీడు పిల్లకు జిడ్డు ఉండుడు విచిత్రమేం కాదు. మన ఊరి ఎండ ఈ నెలల్లో 40 డిగ్రీలు దాటుతది. ఆ వేడికి నూనె పలుచబడి మొఖమంతా పరుచుకుంటది, దానికి చెమట తోడైతది. కార్ఖానాలో, టవల్ మడతలు పెట్టేకాడ పని చేసే పిల్లలకైతే దూది పొట్టు గూడ వచ్చి ఆ నూనెకు అంటుకుంటది. అందుకే పని నుంచి వచ్చినంక మొఖం కడుగుడు తప్పదు. కాని దినానికి ఆరుసార్లు బట్టల సబ్బుతో, ఒంటి సబ్బుతో రుద్దితే నూనె గ్రంథులు పని బంద్ చెయ్యవు. పై చర్మం మాత్రం ఎండి, మంటపుట్టి, పొక్కులు లేస్తయి. పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి మెత్తటి ఫేస్‌వాష్‌తో కడిగితే చాలు. నడుమ చెమట పడితే ఉత్త నీళ్లు.

పిల్లది నిజంగా జిడ్డు చర్మమా, సగం సగమా అని చూసుకునే ఉపాయం ఒకటుంది. మొఖం కడిగి, తుడిచి, ఏమీ రాయకుండ ఒక గంట ఊరుకోవాలి. తర్వాత పలుచటి టిష్యూ కాగితం నుదుటికి ఒకటి, ముక్కుకు ఒకటి, చెంపలకు ఒకటి అద్ది వెలుతురుకు పట్టి చూడాలి. అన్ని కాగితాలకు నూనె మరకలుంటే మొత్తం జిడ్డు. నుదురు, ముక్కు కాగితాలకే ఉండి చెంపల కాగితం పొడిగా ఉంటే అది మిశ్రమ చర్మం. మన పిల్లల్లో చాలామందిది ఇదే. ఇట్లాంటి పిల్లకు చెంపల మీద గూడ మందంగా పౌడర్ కొడితే మధ్యాహ్నానికి అక్కడ పెచ్చులు కనబడుతయి. ఎక్కడ నూనె ఉందో అక్కడే మన పని.

ఇప్పుడు అసలు భయపడాల్సిన ముచ్చట. పెండ్లి కుదరంగనే మన గల్లీల్లో జరిగే మొదటి పని, మెడికల్ దుకాణం నుంచి ఒక ట్యూబు తెచ్చుడు. "పదిహేను దినాలల్ల తెల్లగైతది, నూనె పోతది, మొటిమలు పోతయి" అని పక్కింటామె చెప్తది. దుకాణంవాడు చీటీ అడుగడు. పిల్ల రాత్రిపూట రాసుకుంటది. మొదటి వారం నిజంగనే మొఖం నున్నగ, తెల్లగ కనబడుతది. ఆ ట్యూబు మీద సన్నటి అక్షరాలు చదవండి. బెటామెథాసోన్, క్లోబెటాసోల్, మోమెటాసోన్, ఫ్లూసినోలోన్ లాంటి పేరుంటే అది స్టెరాయిడ్ మందు. డాక్టరు చూసి, ఫలానా జబ్బుకు, ఇన్ని దినాలే అని చెప్తే వాడాల్సింది. మొఖానికి నెలల తరబడి క్రీము లెక్క రాస్తే చర్మం పలుచబడుతది. ఎర్ర నరాలు తేలుతయి. సన్న వెంట్రుకలు మొలుస్తయి. ఎండలో నిలబడితే మంట. ఏ మొటిమలు పోవాలని రాసిన్రో ఆ మొటిమలే గుంపులు గుంపులుగా వస్తయి. ఆపితే ఇంకా ఎక్కువ ఎర్రబడుతది, ఆ భయానికి పిల్ల మళ్లీ రాస్తది. అట్లా విడిపించుకోలేని అలవాటైతది.

ఇదేదో నా సొంత అనుమానం కాదు. చర్మం డాక్టర్లు ఏండ్ల తరబడి మొత్తుకుంటే 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ మీదనే అమ్మాలనే జాబితాలోకి తెచ్చింది. చట్టం ఉన్నది, మన చౌక్‌లో ట్యూబు మాత్రం ఇప్పటికీ అడిగితే దొరుకుతది. అంతకంటే చెడ్డది పేరూ ఊరూ లేని డబ్బా క్రీము. లోపల ఏముందో రాసి ఉండదు, ఎక్కడ తయారైందో ఉండదు. ఇట్లాంటి కొన్నింట్లో పాదరసం దొరికింది. పాదరసం చర్మం గుండా ఒంట్లోకి పోయి మూత్రపిండాలను దెబ్బ తీస్తది. తెల్లదనం కోసం పిల్ల కిడ్నీని పణంగా పెట్టే పెండ్లి ఏం పెండ్లి?

నా చేతికి వచ్చిన ఒక పెండ్లిపిల్ల సంగతి చెప్తా. పేరు వద్దు, గల్లీ వద్దు. పెండ్లికి ఇరవై దినాల ముందు మొఖం చూపించనీకి వచ్చింది. చెంపలు ఎర్రగ, ముట్టుకుంటే వేడిగ ఉన్నయి. చేతివేలికి కొంచెం ఫౌండేషన్ తీసి చెవి కింద రాసిన్నో లేదో "అక్కా, మండుతున్నది" అన్నది. అడిగితే నాలుగు నెలల నుంచి ట్యూబు రాస్తున్న అని మెల్లగ చెప్పింది. వాళ్ల అమ్మ దగ్గర్నే కూసొని ఉన్నది, ఆమెకు గూడ తెల్వదు. ఆ దినమే చర్మం డాక్టరు దగ్గరికి పంపిన. డాక్టరు ఒక్కసారే ఆపనియ్యలేదు, తగ్గించుకుంట రమ్మని వేరే మందులిచ్చిండు. పెండ్లి నాటికి పూర్తిగా తగ్గలేదు గని మంట పోయింది. ఆ పిల్లకు ఫౌండేషన్ అసలు వెయ్యలేదు. కండ్లు, కనుబొమ్మలు, పెదవులు, బొట్టు చక్కగ దిద్ది, మొఖం మీద డాక్టరు ఒప్పుకున్న లోషన్ ఒక్కటే రాసి, ముక్కు మీద కొంచెం పౌడర్ అద్దిన. పిల్లగాని వైపు ఆడోళ్లు "ఏం రాయలేదా?" అని అడిగిన్రు. రాయలేదనే చెప్పిన.

కాబట్టి మీ పెట్టె పట్టుకొని పోయే ముందు మొదటి ప్రశ్న "ఏ క్రీము రాస్తున్నవు?" అని ఉండాలి. సిగ్గుపడి చెప్పకపోతే పిల్లను పక్కకు పిలిచి అడగండి. ట్యూబు వాడుతున్నదంటే మీరు మాన్పించే ప్రయత్నం చెయ్యకండి, డాక్టరు దగ్గరికి తోలండి. మన పెద్ద ఆసుపత్రి చర్మం విభాగంలో చీటీ తీసి చూపించుకోనీకి ఒక పూట సుట్టి పెడితే సరిపోతది.

ఇగ పెండ్లికి ముందు దినాల లెక్క. కొత్తది ఏదైనా, ఫేస్‌వాష్ అయినా మాయిశ్చరైజర్ అయినా, నెల ముందే మొదలుపెట్టాలి. మొటిమలున్న పిల్లకు సాలిసిలిక్ యాసిడ్ ఉన్న ఫేస్‌వాష్ పనికొస్తది, కాని పెండ్లి వారంలో కొత్తగా మొదలుపెట్టకూడదు. బ్లీచ్, ఫేషియల్ లాంటివి జిడ్డు మొఖానికి ఆఖరి వారంలో చేయిస్తే పొక్కులు లేచే ప్రమాదం ఉంటది. పదిపదిహేను దినాల ముందే చేయించుకోవాలి, లేకపోతే మానుకోవాలి. నన్నడిగితే మానుకొమ్మనే చెప్త. కనుబొమ్మల దారం పని రెండు మూడు దినాల ముందు. మేకప్ సామాను మొత్తం ఒకసారి చెవి వెనక, మోచేతి లోపల రాసి ఒక రాత్రి చూడాలి. దురద పెడితే ఆ సామాను పక్కకు.

పసుపు దగ్గర పెద్దోళ్లతో కొంచెం మాట్లాడుకోవాల్సి వస్తది. మనకాడ నలుగు పిండి, పసుపు నూనెతో కలిపి రాసుడు రివాజు. జిడ్డు మొఖానికి ఆ నూనె రాత్రంతా ఉంటే తెల్లారి పొక్కు లేవొచ్చు. నేను చేసే ఉపాయం ఏందంటే, శకునానికి నూనె పసుపు కాళ్లకు, చేతులకు, భుజాలకు పట్టించి, మొఖానికి మాత్రం శనగపిండి, పసుపు, పెరుగు లేదా గులాబి నీళ్లతో కలిపి పెట్టిస్త. అత్తమ్మలు ఒప్పుకోకపోతే రెండు చెంపలకు బొట్టంత నూనె పసుపు ముట్టించి కాసేపటికి కడిగేస్తం. రివాజు రివాజే, చర్మం చర్మమే. ఇంకొకటి, పసుపు ముందు దినం మాపటికి అయిపోతే మేకప్‌కు మేలు. ముహూర్తం పొద్దున్నే పసుపు పూస్తే ఆ పచ్చ మరక మీద ఫౌండేషన్ రంగు మారి కనబడుతది. మరక పోవాలంటే శనగపిండి, పాలు కలిపి మెల్లగ రుద్ది కడగాలి. నిమ్మకాయ రుద్దకండి, మండుతది. పైగా నిమ్మరసం అంటిన చర్మానికి ఎండ తగిలితే నల్లగ మరకలు పడొచ్చు.

తల నూనెను చాలామంది మరిచిపోతరు. మంగళస్నానానికి తలకు నూనె పెట్టి, పైపైన నీళ్లు పోసి, తడి జుట్టుతోనే జడ వేస్తరు. మండపంలో వేడికి ఆ నూనె కరిగి నుదుటి మీదికి, చెవుల మీదికి దిగుతది. అప్పుడు మనం ఎంత గొప్ప ఫౌండేషన్ వేసినా దండగ. స్నానం నాడు కుంకుడుకాయతోనో షాంపూతోనో రెండుసార్లు తల రుద్ది, పూర్తిగా ఆరబెట్టాలి. జడ నున్నగ రావాలని మళ్లీ నూనె చెయ్యి పెట్టకండి, తడి దువ్వెన చాలు. మల్లెపూల దండకు గూడ నీళ్లు చల్లి తెస్తరు, అవి మెడ మీద కారి చారలు పడతయి. దండను గట్టిగ దులిపి, గుడ్డ మీద పెట్టి ఆరినంక పెట్టండి.

మేకప్ ఎప్పుడు మొదలుపెట్టాలె? 12:30 ముహూర్తానికి పొద్దున ఐదింటికి పిల్లను కూసోబెట్టి తయారు చేస్తే ఏడు గంటలు ఆ మొఖం ఎట్ల నిలుస్తది? ముహూర్తానికి రెండున్నర గంటల ముందు మొదలుపెడితే సరిపోతది. గోరజ్ ముహూర్తమైతే మధ్యాహ్నం మూడు దాటినంక. మంగల్ కార్యాలయంలో రేకుల కింద గది ఇస్తే ఒప్పుకోకండి, గోడకు కూలరున్న గది అడగండి. చెమట పట్టే పిల్ల మీద మేకప్ పట్టదు, ముందు చల్లబడనియ్యాలి. ఐసుగడ్డను పలుచటి గుడ్డలో చుట్టి మొఖమంతా ఒక నిమిషం అద్దితే కొంచెం సేపు చెమట తగ్గుతది. ఐసు ఉత్తగ చర్మానికి రుద్దొద్దు.

కడిగి తుడిచినంక మాయిశ్చరైజర్ రాయాలి. "నూనె మొఖానికి మళ్లా క్రీమెందుకు?" అంటరు. నూనె వేరు, తేమ వేరు. చర్మంలో తేమ లేకపోతే ఫౌండేషన్ మచ్చలు మచ్చలుగా పట్టుకుంటది. జెల్ లెక్క పలుచగ ఉన్నది, డబ్బా మీద ఆయిల్ ఫ్రీ, నాన్ కమెడోజెనిక్ అని రాసి ఉన్నది శనగగింజంత తీసుకొని రాయండి. పది నిమిషాలు ఆగండి. ఈ ఆగుడు దగ్గరనే చాలామంది తొందర పడతరు. అది ఇంకకముందే పైపైన పూత వేస్తే అన్నీ కలిసి జారుతయి. ప్రైమర్ ఉంటే నుదురు, ముక్కు, ముక్కు పక్కలు, గడ్డం మీద మాత్రమే అద్దండి. లేకపోతే కాలమైన్ లోషన్ ఆ జాగాల్లోనే పలుచగ అద్ది ఆరనిస్తే జిడ్డును కొంతసేపు పట్టి ఉంచుతది. ప్రైమర్, ఫౌండేషన్ రెండూ ఒకే జాతివి ఉండాలి. నూనె క్రీము మీద నీళ్ల ఫౌండేషన్ వేస్తే పాలు విరిగినట్టు తెట్టె కడుతది.

ఫౌండేషన్ రంగు చూసేది చేతి మీద కాదు, దవడ మీద, మెడ దగ్గర. ట్యూబులైటు కింద కాదు, వాకిలి దగ్గర పగటి వెలుతురులో. జిడ్డు మొఖానికి ఇంకో చిక్కున్నది. రాసినప్పుడు సరిపోయిన రంగు పావుగంటకు చర్మం నూనెతో కలిసి ఒక మెట్టు నల్లబడుతది. అందుకే దుకాణంలో రాసి, చౌక్ దాక తిరిగొచ్చి, అప్పుడు చూసి కొనండి. ఎక్కువ తెల్లది కొనొద్దు. మొఖం ఒక రంగు, మెడ ఒక రంగు, తలంబ్రాలు పోసే చెయ్యి ఇంకో రంగు ఉంటే ఆల్బమ్‌లో బతుకంత కాలం అట్లనే ఉంటది. "జర తెల్లగ చెయ్యమ్మా, పిల్లగానోళ్లు చూస్తున్నరు" అని ఎవరో ఒకరు వెనక నుంచి అంటనే ఉంటరు. పిల్లగానోళ్లు పిల్లను చూసే చేసుకుంటున్నరు కదా! ఆ మాటకు చెయ్యి ఆపకండి, రంగు మార్చకండి.

వెయ్యడం చాలా పలుచగ వెయ్యాలి. బఠాణి గింజంత తీసుకొని, తడిపి గట్టిగ పిండిన స్పాంజితో అద్దాలి. రుద్దితే కింద పూత లేచిపోతది. ఒక పూత ఆరినంక అవసరమున్న చోట మాత్రమే రెండోది. మొటిమ మచ్చలకు మొఖమంతా మందంగా వెయ్యనవసరం లేదు, సన్నటి కుంచెతో ఆ మచ్చ మీదనే కన్సీలర్ చుక్క పెట్టి అంచులు అద్దితే కనబడదు. పొక్కు పచ్చిగ ఉంటే దాని మీద ఏమీ పెట్టకపోవుడే మంచిది.

పాన్‌కేక్ గురించి అడిగిన్రు. పాతకాలం నాటకాలోళ్ల పెట్టెల్లో ఉండే ఆ బిళ్లనే. 1930ల చివర్లో హాలీవుడ్‌లో రంగుల సినిమాల కోసం మాక్స్ ఫ్యాక్టర్ కంపెనీ తెచ్చింది, ఆ తర్వాత మన దగ్గర పెండ్లిళ్ల దాకా వచ్చింది. జిడ్డు మొఖానికి, ఎండకు ఇది ఇప్పటికీ నమ్మకస్తురాలే. తడి స్పాంజితో పలుచగ తీసుకుంటే మెరుపు లేకుండ ఆరి, గట్టిగ పట్టుకుంటది. నాకైతే ఖరీదైన ఫౌండేషన్ సీసాల కంటే మన మండపం వేడికి ఇదే నచ్చుతది. మందంగా వేస్తే మాత్రం సున్నం కొట్టిన గోడే.

పౌడర్‌ను కుంచెతో ఊడ్చినట్టు కొట్టొద్దు. మెత్తటి పఫ్ మీద తీసుకొని, మడిచి నలిపి, ఎక్కువైంది దులిపి, నుదురు, ముక్కు, గడ్డం మీద ఒత్తాలి. రెండు నిమిషాలు ఆగి మిగిలింది మెల్లగ దులపాలి. చెంపల పైభాగం మీద కొంచెం మెరుపు ఉండనియ్యండి, మొత్తం మెరుపు చంపేస్తే పిల్ల మొఖంలో జీవం పోతది. ఒంటికి చల్లుకునే టాల్కం డబ్బా మొఖం మీద దంచకండి. ఇంకో పరీక్ష తప్పక చెయ్యండి. గది తలుపు దగ్గరేసి, ఫోన్లో ఫ్లాష్ పెట్టి ఒక ఫొటో తియ్యండి. కొన్ని తెల్ల పౌడర్లు, టైటానియం లేదా జింక్ ఉన్న సన్‌స్క్రీన్లు కంటికి బాగనే కనబడి ఫ్లాష్ పడంగనే మొఖాన్ని బూడిద పూసినట్టు తెల్లగ చేస్తయి. వీడియోవాడు చెప్పకముందే మనకే తెలుస్తది.

కండ్ల రెప్పల మీద గూడ నూనె ఉంటది. అక్కడ గూడ పలుచగ ప్రైమర్, పౌడర్ అద్దినంకనే రంగు. కాటుక, లైనర్ నీటికి కరగనివి ఉండాలి. హోమం పొగకు కండ్లు నీళ్లు పెడతయి కాబట్టి కింది రెప్ప లోపల మందంగా దిద్దకండి. బుగ్గలకు పొడి రంగే, క్రీము రంగు వద్దు. లిప్‌స్టిక్ ఒకసారి వేసి, టిష్యూకు అద్ది, మళ్లీ ఒకసారి వేస్తే భోజనాల దాక ఉంటది.

బొట్టు ముచ్చట చిన్నదే గని అందరికీ ఎదురైతది. నూనె నుదుటి మీద, ఫౌండేషన్ మీద స్టిక్కర్ బొట్టు ఆగదు. బొట్టు పెట్టే జాగాలో దూదితో పూత తుడిచి, కొంచెం పౌడర్ ముట్టించి తుడిచి, అప్పుడు అంటించాలి. కల్యాణ తిలకం ద్రవం కుంకుమతో దిద్ది పూర్తిగ ఆరనియ్యాలి, ఆ తర్వాతే బాసింగం. బాసింగం దారం నుదుటికి రాసుకుంటది కాబట్టి ఆ గీత వెంబడి ఇంకొంచెం పౌడర్ ఒత్తండి. జీలకర్ర బెల్లం గట్టిగ నూరమని ఇంట్లోళ్లకు ముందే చెప్పండి. పలుచగ నూరితే ఎండకు పాకం లెక్క నుదుటి మీదికి కారుతది. తమలపాకు మీద పెట్టి పట్టుకుంటే చాలా వరకు ఆగుతది.

మండపంలోకి పోయినంక పని మీది కాదు, తోటి పెండ్లికూతురిది. చెల్లెనో, వదినెనో ఒకరిని పక్కన నిలబెట్టి నేర్పించండి. ఆమె చేతి సంచీలో టిష్యూలు, చిన్న పఫ్, లిప్‌స్టిక్, పలుచటి రుమాలు ఉండాలి. నేర్పాల్సింది ఒక్కటే. ముందు నూనె అద్ది తియ్యాలి, ఆ తర్వాతే పౌడర్. నూనె మీద పౌడర్ వేస్తే పిండి తడిపినట్టు ముద్దైతది, చారలు వచ్చేది ఇందుకే. దుకాణంలో జిడ్డు పీల్చే కాగితాలు దొరుకుతయి. దొరకకపోతే మామూలు టిష్యూను రెండు పొరలుగ విడదీసి ఒక్క పొరను నుదుటి మీద, ముక్కు మీద ఒత్తి తీస్తే సరిపోతది. తుడవకూడదు, ఒత్తాలి. జీలకర్ర బెల్లం అయినంక ఒకసారి, తలంబ్రాల ముందు ఒకసారి, భోజనాల ముందు ఒకసారి, అప్పగింతల ముందు ఒకసారి. అప్పగింతలల్ల ఏడుపు ఎట్లాగూ ఆగదు. రుమాలు మూలను కంటి కిందికి మడిచి ఒత్తితే కాటుక చెంపల మీదికి రాదు. పిల్ల ముహూర్తం దాక ఉపవాసం ఉంటే నడుమ నడుమ మజ్జిగో నిమ్మరసమో గడ్డిపుల్లతో తాపించండి. నీళ్లు తాగక కండ్లు తిరిగి పడిపోతే ఏ మేకప్ లేపదు.

పెట్టె శుభ్రం గురించి రెండు మాటలు. ఒక్క కాటుక పుల్లతో ఇంట్లో పది మందికి దిద్దుడు మన అలవాటు. ఒకరికి కండ్లకలక ఉంటే పది మందికీ వస్తది. కాటుక పెండ్లిపిల్లకు విడిగా కొనండి. లిప్‌స్టిక్‌ను మొనతో నేరుగా పెట్టకుండ గీరి, కుంచెతో పెట్టండి. స్పాంజిని సబ్బుతో కడిగి ఎండలో ఆరబెట్టండి. ఫుట్‌పాత్ మీద పెద్ద కంపెనీ పేరుతో సగం ధరకు అమ్మే డబ్బాల జోలికి పోకండి. ఆ పైసలతో మామూలు కంపెనీది అసలు సరుకే వస్తది.

ఆ రాత్రి మొఖం కడగకుండ పండుకోవుడు జిడ్డు చర్మానికి పెద్ద దెబ్బ. మన పిల్లలు ఇక్కడే అత్తగారింటికి పోయేటోళ్లున్నరు, భివండీకో సిరిసిల్లకో రాత్రి బండి ఎక్కేటోళ్లున్నరు. బండిలో కడుగనీకి వీలు కాదు కాబట్టి చిన్న సంచీలో మేకప్ తీసే లోషన్, దూది, ఫేస్‌వాష్, జెల్ మాయిశ్చరైజర్ పెట్టి పిల్ల చేతికే ఇయ్యండి, పెద్ద పెట్టె అడుగున పెట్టకండి. ముందు దూదితో మేకప్ తీసి, తర్వాత కడగాలి. కొబ్బరినూనెతో తీస్తే సులువుగ వస్తది గని మొటిమలున్న మొఖానికి అది పడదు.

ముందు దినం రాత్రి ముక్కు మీద పెద్ద మొటిమ లేస్తే ఏం చెయ్యాలని ఒక చెల్లె అడిగింది. గిచ్చొద్దు, టూత్‌పేస్ట్ పెట్టొద్దు. శుభ్రమైన గుడ్డలో ఐసు చుట్టి నడుమ నడుమ ఆపుకుంట కొద్ది నిమిషాలు అద్దితే వాపు, ఎరుపు కొంచెం దిగుతయి. తెల్లారి దాని మీద కన్సీలర్ చుక్క, పౌడర్ చుక్క, అంతే. ముక్కుపుడక ఆ పక్కనే ఉంటే దాని మీద పడేది చూపు, మొటిమ మీద కాదు.

వచ్చే నెల ఈ పేజీలో ఎర్రమందారం, మెంతులతో జుట్టు పని. మీ ప్రశ్నలు 10వ తేదీ లోపల పత్రిక ఆఫీసు పెట్టెలో వెయ్యండి. పేరు వద్దనుకుంటే గల్లీ పేరు మాత్రం రాయండి, చాలు.